సాయంత్రానికి ఎంత బరువు

న్యమట్సి శిబిరం,
12 మే 1996

మామయ్యకు,

దోసిలి ముడిచి మెల్లగా చప్పట్లు చరుస్తూ మీ న్యారాయి చేసే నమస్కారం. మీరంతా బాగుంటే నేనూ బాగున్నట్టే. ఈ ఉత్తరం మీకు చదివి వినిపిస్తున్న సిస్టర్ ఫెలిస్టాస్‌కి కూడా నమస్కారం. సిస్టర్, మామయ్య మధ్యలో కథ మొదలుపెడితే ఆపి, ముందు ఉత్తరం పూర్తి చెయ్యండి.

ఇక్కడ వేట నేర్చుకునేవాళ్ళం పదిహేనుమందిమి. ఆడపిల్లను నేనొక్కదాన్నే. మా గురువు మ్లంబో గారు ఎవరినీ ఎక్కువగా మెచ్చుకోరు, ఎవరినీ తిట్టరు. తెల్లవారకముందే లేచి జాడలు చూడటం, మధ్యాహ్నం చట్టాల పాఠం, సాయంత్రం గురి.

మీ సలహా కావలసిన సంగతి ఒకటుంది. పోయిన పంటకాలం ఏనుగులు మూడు గాదెలు విరిచినప్పుడు పట్నం నుంచి వేటగాడు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది కదా. ఆ తొమ్మిది రోజుల్లోనే సైలస్ తాత వాటి కాళ్ళ కింద పడి పోయాడు. అందుకే లైసెన్సు ఉన్న మనిషి మన చివారెలోనే ఉండాలని వార్డు సభవాళ్ళు నన్ను ఇక్కడికి పంపారు. పరీక్ష సెప్టెంబరులో. తప్పితే మళ్ళీ ఏడాదికి గానీ లేదు. అంటే మరో పంటకాలం మన చేలకు డప్పులూ రేకు డబ్బాలే కాపలా.

సభవాళ్ళు సంపాదించిన పాత తుపాకీకి కొత్త చెక్క వేయడానికి బులవాయోలో ఓస్కార్ అనే ముసలి తుపాకీ పనివాడికి అప్పగించారు. ఆయన నాకు ఒక్క ప్రశ్న రాసి పంపాడు. ఎంత బరువు కావాలి? నాలుగు కిలోల నుంచి అయిదుంపావు దాకా ఎంతంటే అంతకు చేసిస్తాడట. జూన్ పదిలోగా చెప్పాలి.

నాకు తెలిసింది కొంచెమే. దాని గొట్టంలో నా చిటికెన వేలు దూరుతుంది. అంత పెద్ద తూటా పేలితే తుపాకీ వెనక్కి తన్నుతుంది. బరువైన తుపాకీ ఆ తన్నులో చాలా భాగం తానే మింగుతుంది, తేలికైనది మన భుజానికి వదిలేస్తుంది. శిబిరంలో ఇచ్చిన తేలిక తుపాకీతో నేను పదిసార్లు కాల్చాను. పదకొండోసారి మీట నొక్కకముందే నా కళ్ళు మూసుకుపోయాయి. మ్లంబో గారు చూశారు. "కళ్ళు మూసుకుంటే అడవిదున్న కనబడదు గానీ, దానికి నువ్వు కనబడతావమ్మా" అన్నారు.

బడి నాకు లెక్కలు నేర్పింది కానీ ఈ లెక్కకు జవాబు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అది వేటగాడు హాలోరన్ దొరతో ఇరవై ఆరేళ్ళు అడవిలో తిరిగిన మీ చేతుల్లో ఉంది. నలభై అడవిదున్నలను పడగొట్టిన మామయ్య అని ఇక్కడ అందరికీ చెప్పుకున్నాను. మీరు ఎంతంటే అంతే రాస్తాను.

మీ మాట కోసం చూస్తూ,
న్యారాయి


చివారె క్లినిక్,
24 మే 1996

మేనకోడలు న్యారాయికి నీ మామ జకెయో చెప్పిస్తున్నది, సిస్టర్ ఫెలిస్టాస్ రాస్తున్నది.

నువ్వు బాగుంటే మేమూ బాగే. మోకాలు మాత్రం బాగాలేదు. మోకాలు చూపించుకోడానికి వచ్చినప్పుడే కదా ఉత్తరాల పనీ అయ్యేది, అందుకని నా మోకాలికి నువ్వు దణ్ణం పెట్టుకోవాలి.

బరువు సంగతి అడిగావు. మంచి చోటే అడిగావు. దొరది రెండు గొట్టాల తుపాకీ. అయిదు కిలోల రెండు వందలు. ఆయన తూచినప్పుడు నేను పక్కనే ఉన్నా. అది పేలితే కొండ అవతల ఉన్న కోతులు చెట్లు దిగేవి గానీ దొర నెత్తిమీద టోపీ కదిలేది కాదు. బరువైన తుపాకీ పెద్దమనిషి లాంటిది కోడలుపిల్లా. గట్టిగా మాట్లాడుతుంది, మీద పడి కొట్టదు. తేలిక తుపాకీ తాగొచ్చిన అల్లుడు. వాడు ఎప్పుడు ఎవర్ని తంతాడో వాడికే తెలీదు.

నాలుగు కిలోలంటే అదేం తుపాకీ, పిట్టల్ని అదిలించే కర్ర. అయిదూ రెండు వందలు అని రాయి. ఒక్క గ్రాము తగ్గించకు.

నీ చేతులు జొన్నకాడల్లా ఉంటాయని మీ అత్తకు బెంగ. పదేళ్ళప్పటి నుంచి రోకలి పట్టిన చేతులే, ఏం కాదులే అన్నా. ఎండు రేగుపళ్ళు మూట కట్టి పంపుతోంది. అక్కడి మగాళ్ళకు పంచిపెట్టకు. అలవాటు పడితే వెనకాలే మనూరొస్తారు.

ఇంకో మాట. ఏనుగు మా వంశం గుర్తు, దాని మాంసం నేను ముట్టనని నీకు తెలుసు. మావాళ్ళని ముందు అరిచి పంపించెయ్యడానికి చూడు. వినకపోతేనే కాల్చు. దున్నలతో నాకు చుట్టరికం లేదు.

నీ మామ,
జకెయో

(ఇది నా మాట. టోపీ సంగతి చెప్పేటప్పుడు మీ మామయ్య పిల్లల పొడవు కొలిచే కర్ర తీసుకుని భుజానికి ఆనించి గదంతా గురిపెట్టారు. బయట సూదికి కూర్చున్న తల్లులు ముగ్గురు వెళ్ళిపోయారు. ఫెలిస్టాస్.)


న్యమట్సి శిబిరం,
18 జూన్ 1996

మామయ్యకు,

మీ న్యారాయి నమస్కారాలు. అత్తయ్య పంపిన రేగుపళ్ళు అందాయి. అందులో కొన్ని పంచాను, క్షమించండి. ఎవరూ వెనకాల వచ్చేలా లేరు.

మీరు చెప్పినట్టే అయిదు కిలోల రెండు వందలని ఓస్కార్‌కి రాశాను. ఆయన వెంటనే జవాబు పంపాడు. "అమ్మాయీ, నాలుగున్నర, నాలుగు ఏడు వందల మధ్య ఆగమని నా సలహా. అయిదూ రెండు వందలు ఎవరి మాట?" నేను మీ పేరు రాశాను. దానికి వచ్చిన జవాబు ఇంత: "సరే. మామయ్యలతో నేను వాదించను."

మ్లంబో గారికీ చెప్పాను. "హాలోరన్ దగ్గర పనిచేసిన జకెయోనా మీ మామయ్య?" అని అడిగారు.

"అవును సార్. ఆయన తెలుసా?"

"పేరు తెలుసు. ఆయన మాట మీద నేను మాట్లాడను. తుపాకీ వచ్చాక నువ్వే తెలుసుకో."

ఆయన మొహంలో నవ్వు వచ్చిందో లేదో చెప్పలేను. కానీ మీ పేరు వినగానే ఆయన కూర్చున్నవారు సర్దుకుని కూర్చున్నారు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు మామయ్యా. మన ఇంట్లో మొదట బడికి పోయినదాన్ని నేనే అని అందరూ నన్ను మెచ్చుకుంటారు. నాకంటే ముందే మన ఇంట్లో ఇంత చదువు ఉందని వాళ్ళకేం తెలుసు.

మీ మోకాలికి దణ్ణం పెడుతూ,
న్యారాయి


న్యమట్సి శిబిరం,
30 జూలై 1996

మామయ్యకు,

నమస్కారం. తుపాకీ వచ్చింది.

నల్లటి వాల్‌నట్ చెక్క, నూనె పట్టించి రుద్దితే లోపలి నుంచి ఎర్రగా కనిపిస్తుంది. మీరు చెప్పింది అక్షరాలా నిజం. పేలితే తన్నదు, పెద్దవాళ్ళు పక్కకు జరుపుతారే, అలా జరుపుతుంది. మొదటి రోజు ఇరవై తూటాలు కాల్చాను. ఒక్కసారి కూడా కళ్ళు మూయలేదు. చెక్క దున్న నుదుటి మీద గుర్తులన్నీ నా అరచేతి కింద దాగాయి. సంతోషం పట్టలేక ఆ రోజే ఉత్తరం మొదలుపెట్టాను. కానీ పూర్తి చేయలేదు. ఎందుకో చెప్పకపోతే అబద్ధమవుతుంది.

మూడో రోజు నుంచి నడక. తెల్లవారుజామున బయలుదేరి ఇరవై రెండు కిలోమీటర్లు, ఎండలో, మోపానె పొదల మధ్య. పొద్దు వాలే వేళ మ్లంబో గారు ఉన్నట్టుండి "దున్న" అని అరుస్తారు. తీగ మీద చెక్క దున్న దూసుకొస్తుంది. రెండు తూటాలు పెట్టాలి. మొదటి రోజు రెండూ పోయాయి. మర్నాడు ఒకటి తగిలింది, అదీ తోక వైపు. తుపాకీ ఎత్తేసరికి గొట్టం కొన గాలిలో చిన్న గుండ్రాలు చుడుతోంది. నా చేతులు నా మాట వినడం లేదు. ఇప్పటికి పదిరోజులైంది. రోజూ అంతే.

భుజం కమిలింది. అది పెద్ద సంగతి కాదు. నన్ను తొలిచేది వేరే. ఇదే బరువు మీరు ఇరవై ఆరేళ్ళు మోశారు, సాయంత్రం పూట కూడా కాల్చారు. మీ చేతులు ఎలా నిలిచాయి? పట్టులో ఏదైనా కిటుకు ఉందా? నేనేదో తప్పు చేస్తున్నాను. అదేమిటో చెప్పండి. ఇంకా ఆరు వారాలే ఉంది.

న్యారాయి


చివారె క్లినిక్,
9 ఆగస్టు 1996

మేనకోడలికి జకెయో చెప్పిస్తున్నది.

మేం బాగున్నాం. నీ ఉత్తరం విని మీ అత్త ఏడ్చింది, నేను ఏడవలేదు. నేను నీ వయసులో ఆ బరువు ఎత్తుకుని జాంబెజీ ఒడ్డు నుంచి కొండగట్టు పైదాకా పోయి వచ్చినవాణ్ణి. ఎవడికీ ఉత్తరం రాయించలేదు.

కిటుకంటే ఇదీ. తుపాకీ కుడి భుజం మీద, గొట్టం ముందుకు, చెయ్యి గొట్టం మీద. వెనకున్న బరువు ముందున్న చేతిని లాగుతుంది, చెయ్యి వెనకున్న బరువుని లాగుతుంది. ఇద్దరు కోడళ్ళ కాపురం. భుజం మీద పాత సైకిలు ట్యూబు ముక్క మడిచి పెట్టాలి. వాగు దాటిన ప్రతిసారీ భుజం మార్చాలి. దాహం వేసిందని ఆగకూడదు, ఆగితే బరువు గుర్తొస్తుంది.

ఇవన్నీ నీ మనిషికి చెప్పు. అసలు అడగడం మర్చిపోయా, నీ తుపాకీ మోసేవాడెవడు? ఏ ఊరివాడు? మనకంటే పొడుగున్నవాణ్ణి పెట్టుకోకు, అందించేటప్పుడు గొట్టం నీ మొహానికి అడ్డమొస్తుంది. వాడి నడక బాగా లేకపోతే మార్చెయ్యి, మొహమాటపడకు. ఇక నువ్వు కూడా ఊరికే ముచ్చటపడి వాడి దగ్గర్నించి తీసుకుని మొయ్యకు. నీ చేతులు వణకడానికి కారణం అదే అయ్యుంటుంది. కాల్చే చేతులు రోజంతా ఖాళీగా ఉండాలి. అందరికీ తెలిసిన మాటే కదా ఇది.

జకెయో

(న్యారాయీ, భుజానికి వేడినీళ్ళ కాపడం పెట్టు. ట్యూబు ముక్క పెట్టేముందు కడుగు. ఫెలిస్టాస్.)


న్యమట్సి శిబిరం,
17 ఆగస్టు 1996

మామయ్యకు,

నమస్కారం. మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

మామయ్యా, మోసేవాళ్ళు ఎవరూ లేరు. ఉండకూడదు. లైసెన్సు కోరేవాడు తన తుపాకీని తెల్లవారినప్పటి నుంచి శిబిరం చేరేదాకా తానే మోయాలి. వేరే చేతికిస్తే ఆ క్షణమే పరీక్ష పోయినట్టు. ఇక్కడ అందరికీ ఇదే నియమం. మీకిది తెలుసనుకున్నాను. అందుకే మొదటి ఉత్తరంలో రాయలేదు. తప్పు నాది.

సభవాళ్ళు పంపినది నేనే కదా, రేపు మన చేలలోనైనా నా తుపాకీ నేనే మోయాలి.

ఇప్పుడొక మాట అడగాలి. దీనికి మూడు రోజులుగా కాగితం ముందు కూర్చుంటున్నాను. కాల్చే చేతులు రోజంతా ఖాళీగా ఉండాలని మీరు రాయించారు. మీ చేతులు ఖాళీగా లేవు. మీరు మోశారు. మరి రోజంతా మోసిన చేతులతో సాయంత్రం ఆ తుపాకీని మీరు ఎన్నిసార్లు కాల్చారు? ఎలా కాల్చారు? మీ జవాబును బట్టే ఈ బరువు ఉంచాలో మార్చాలో తేల్చుకుంటాను. పరీక్ష సెప్టెంబరు పదిన మొదలు. దయచేసి నాకు నిజం చెప్పండి. కటువుగా ఉంటే చిన్నదాన్ని మన్నించండి.

న్యారాయి


చివారె క్లినిక్,
27 ఆగస్టు 1996

న్యారాయికి.

క్లినిక్కులో అందరూ పోయేదాకా కూర్చుని ఇది చెప్పిస్తున్నాను. సిస్టర్ తలుపు వేసింది. ఎవరికీ చెప్పనని మందుల పెట్టె మీద చెయ్యేసి ఒట్టు పెట్టింది.

ఒక్కసారి కూడా కాల్చలేదు.

ఇరవై ఆరేళ్ళలో ఆ తుపాకీ మీట మీద నా వేలు పడలేదు. పొద్దున నా భుజానికెక్కేది, మృగం కనబడగానే దొర చేతికి పోయేది, పేలాక మళ్ళీ నా భుజానికొచ్చేది. ఆ నలభై దున్నలూ దొరవి. నేను ఇంటికి మాంసం తెచ్చేవాణ్ణి. ఎవరైనా "జకెయో, నువ్వేనా కొట్టింది?" అంటే కాదనలేదు. మొదట కాదనకపోవడం ఒక్క పూటకే అనుకున్నా. అది ఒక పూటతో పోయే రకం కాదు. నువ్వు పుట్టేసరికి ఆ కథ నాకంటే పెద్దదైపోయింది.

అదీ సంగతి. దొర ఎత్తినప్పుడు గొట్టం వణక్కపోవడం చూసి, బరువు మంచిదనుకున్నా. వణకని చేతుల వెనకాల ఎవడి భుజం ఉందో లెక్కలో వెయ్యలేదు. ఆ భుజం నాదే, అయినా లెక్కలో వెయ్యలేదు చూడు. నా తెలివి.

ఇప్పుడు పనికొచ్చే మాట విను. కాల్చడం తెలీదు గానీ మొయ్యడం నాకంటే తెలిసినవాడు ఈ లోయలో లేడు. నీ ఉత్తరం విన్న మర్నాడే మీ అత్త రోకలి తీసుకున్నా. దానికి నాగలి ఇనుము ముక్కలు కట్టి, ఇక్కడ పిల్లల్ని తూచే తక్కెట్లో పెట్టి తూచా. సిస్టర్ దాని పేరేంటని అడిగి చీటీ రాయబోయింది. మొదటి రోజు అయిదూ రెండు వందలు. రెండో రోజు నాలుగూ ఎనిమిది వందలు. మూడో రోజు నాలుగూ నాలుగు వందలు. పొద్దు పొడవకముందు బయల్దేరి రేవుదాకా పోయి, పొద్దు వాలేటప్పటికి వాకిట్లోకి రావడం. రాగానే రోకలి భుజానికి ఆనించి గురిపెట్టినట్టు నిలబడేవాణ్ణి. మీ అత్త రోకలి కొనకి నీళ్ళు నింపిన సొరబుర్ర చిప్ప తగిలించి, ఇరవై దాకా లెక్కపెట్టేది. చుక్క చిందితే ఓడినట్టు.

పొద్దున బయల్దేరే ముందు కూడా అదే పని చేశా. పొద్దున మూడు బరువులకీ చుక్క చిందలేదు. పొద్దున బరువులన్నీ ఒకటే న్యారాయీ. సాయంత్రం అయిదూ రెండు వందలకి, మీ అత్త నాలుగు లెక్కపెట్టేసరికే చిందింది. నాలుగూ ఎనిమిది వందలకి, పదకొండు లెక్క దగ్గర. నాలుగూ నాలుగు వందలకి ఇరవైదాకా నిలిచింది, అప్పటికీ మీ అత్త కావాలని నెమ్మదిగా లెక్కపెట్టింది.

కానీ ఈ అంకె నువ్వు తీసుకోకు. ఒకసారి నా అంకె తీసుకుని చెడిపోయావు. ఇది అరవై మూడేళ్ళ మోకాలి లెక్క. నీ లెక్క నువ్వు చెయ్యి. పొద్దున నిలబడ్డట్టే సాయంత్రమూ నిలబడే బరువు పట్టుకో. దానికి మించి గ్రాము వద్దు, దానికి తక్కువా వద్దు. తక్కువైతే ఏమవుతుందో నీకు తెలుసు, నాకు తెలీదు. నేను కాల్చలేదు కదా.

సభవాళ్ళకు నేనే చెప్తా. నువ్వు చెప్పకు.

జకెయో

(ఒట్టు నిజమే. చీటీ సంగతీ నిజమే. మూడో రోజు రాత్రి ఆయన మోకాలు గుమ్మడికాయంత వాచింది. అది రాయవద్దన్నారు. రాశాను. ఫెలిస్టాస్.)


న్యమట్సి శిబిరం,
5 సెప్టెంబరు 1996

మామయ్యకు,

నమస్కారం. రేపటి బస్సుకు అందాలని తొందరలో రాస్తున్నాను.

తుపాకీని తేలిక చేయాలంటే మళ్ళీ బులవాయో పంపాలేమో, ఇక అయిపోయిందనుకుని మ్లంబో గారికి చూపించాను. ఆయన తుపాకీ మన భుజానికి ఆనే చోట రబ్బరు కింద రెండు మరలు విప్పించారు. లోపల సీసం ముక్కలు వరుసగా పేర్చి ఉన్నాయి. గొట్టం కింది చెక్కలోనూ అలాగే ఉన్నాయి, తీసినా ముందూ వెనకా తూకం చెడకుండా. వాటి మీద ఓస్కార్ రాసిన చీటీ: "మామయ్య కోసం పెట్టిన బరువు. మనసు మారితే తీసేయవచ్చు." మ్లంబో గారు అప్పుడు నవ్వారు. నేను ఆయన పళ్ళు చూడటం అదే మొదటిసారి.

వంటవాడి పిండి త్రాసు అడిగి తెచ్చుకున్నాను. రోజుకో బరువు, మీరు చేసినట్టే, టీ కప్పుతో నీళ్ళు. నాలుగూ తొమ్మిది వందలకు సాయంత్రం నీళ్ళు చిందాయి. మీ నాలుగూ నాలుగు వందలకు ఒక్క చుక్క చిందలేదు, కానీ అయిదో తూటాకి కళ్ళు మళ్ళీ మూసుకున్నాయి. రెండింటి మధ్య ముక్క ముక్కా పెడుతూ తీస్తూ వచ్చాను. నాలుగు కిలోల ఆరు వందల యాభై. అక్కడ నీళ్ళూ నిలిచాయి, కళ్ళూ నిలిచాయి. అక్కడే ఆగాను.

మీరు తలుపు వేసి చెప్పించిన మాట గురించి ఇప్పుడు రాయను. మూడుసార్లు రాసి చింపేశాను.

న్యారాయి


న్యమట్సి శిబిరం,
22 సెప్టెంబరు 1996

మామయ్యకు,

దోసిలి ముడిచి, తల వంచి, నమస్కారం.

పదిహేనుమందిలో ఆరుగురం గట్టెక్కాం. ఆ ఆరుగురిలో నేనున్నాను. ముందు ఇది చదివి అత్తయ్యకు చెప్పండి సిస్టర్, తర్వాత మిగతాది.

నాలుగో రోజు మాలో ఒకతను పొద్దున్నే కొట్టిన దున్న గాయంతో తప్పించుకుంది. గాయపడ్డదాన్ని అలా వదలకూడదు. దాని జాడ మీద పోవడం నా వంతు. ఇరవై ఏడు కిలోమీటర్లు. నా వెనక పరీక్ష పెట్టే అధికారి, ఆయన వెనక మ్లంబో గారు. మీరు చెప్పినట్టే గొట్టం ముందుకు, ట్యూబు ముక్క, వాగు దాటితే భుజం మార్పు. పొద్దు చెట్ల కిందికి దిగాక ఏపుగా ఉన్న గడ్డి పక్క నుంచి అది వచ్చింది. పదిహేను అడుగుల దూరం కూడా లేదు. తుపాకీ లేచింది. పొద్దున ఎలా లేస్తుందో అలాగే లేచింది మామయ్యా. దాని ముక్కు మీద వాలిన ఈగ కూడా నాకు కనిపించింది. మొదటి తూటాకి మోకాళ్ళ మీద పడింది, రెండోదానికి లేవలేదు. నేను కాలు చాపితే దాని కొమ్ము తగిలేది.

అధికారి నా తుపాకీ అడిగి తీసుకుని చేతిలో ఎగరేసి చూశారు.

"ఈ బరువు ఎవరు తేల్చారు?"

"నేనే సార్. ఎలా తేల్చాలో మా మామయ్య నేర్పారు."

"వేటగాడా ఆయన?"

ఒక్క క్షణం మీ పాత కథ నా నాలుక చివరకు వచ్చింది. మీరే చెప్పుకుంటానన్నారు, నేను చెప్పకూడదు. అబద్ధమూ చెప్పలేను. నేను నోరు తెరవకముందే మ్లంబో గారు అందుకున్నారు.

"హాలోరన్ తుపాకీ మోసిన జకెయో సార్ ఆయన. మా కాలంలో కుర్రవాళ్ళందరం ఆయన గురించే చెప్పుకునేవాళ్ళం. దున్న మీదికొస్తుంటే మోసేవాళ్ళు చెట్లెక్కేవారు. అందులో తప్పేం లేదు, నేనూ ఎక్కాను. హాలోరన్ మాత్రం ఏనాడూ వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. చెయ్యి చాపేవాడు. తుపాకీ అక్కడ ఉండేది. ఇరవై ఆరేళ్ళు, ఒక్కసారి కూడా లేకుండా పోలేదు."

ఆ అధికారి తుపాకీని రెండు చేతులతో నాకు తిరిగిచ్చారు.

మామయ్యా, మీరు దాచుకున్న మాట మీకు సిగ్గు అనిపించింది. నేను ఏమీ రాయకపోతే మీరు ఇంకో రకంగా అనుకుని ఉంటారు. అలా కాదు. తనకంటూ ఏ తుపాకీ లేకుండా దున్న ఎదురుగా నిలబడి, ఉన్న తుపాకీని ఇంకొకరి చేతిలో పెట్టడం నావల్ల అయ్యేదా అని రోజూ ఆలోచిస్తున్నాను. కాదేమో అనిపిస్తుంది. నాకైతే తుపాకీ ఉంది.

సభవాళ్ళకు చెప్పకపోయినా పరవాలేదు. నేను ఎప్పుడూ చెప్పను.

అక్టోబరు పన్నెండున బస్సు దిగుతాను.

మీ మేనకోడలు,
న్యారాయి


చివారె క్లినిక్,
2 అక్టోబరు 1996

లైసెన్సు ఉన్న మేనకోడలికి జకెయో చెప్పిస్తున్నది.

నీ ఉత్తరం సిస్టర్ చదువుతుంటే మధ్యలో ఆపి, మ్లంబో మాటలున్న చోటు మళ్ళీ చదవమన్నా. తర్వాత ఇంకోసారి. నాలుగోసారి ఆవిడ నాకు పేషెంట్లున్నారంది.

నీ ఉత్తరం రాకముందే సభలో చెప్పేశా. అందరూ కూర్చున్నాక లేచి నిలబడ్డా. "నేను ఎప్పుడూ కాల్చలేదు, మోశానంతే" అన్నా. సభ పెద్దాయన నశ్యం పీల్చి, తుమ్మి, మూతి తుడుచుకుని అన్నాడు గదా, "జకెయో, అది మాకు తెలుసురా. నీ పెళ్ళాం రేవు దగ్గర మా ఆడాళ్ళకి చెప్పి ముప్పై ఏళ్ళయింది. నువ్వెప్పుడు చెప్తావో చూద్దామని కూర్చున్నాం. ఇంతలో సగంమంది చచ్చిపోయారు."

మీ అత్తను అడిగా. "నాకెందుకు చెప్పలేదే, వాళ్ళకి తెలుసని?" అంటే, "కథ బాగా చెప్తావని చెడగొట్టలేదు" అంది. అప్పటి నుంచి నేను ఆమెతో సరిగ్గా మాట్లాడటం లేదు. సంకటి మాత్రం తింటున్నా.

పన్నెండున ఊరంతా బస్సు దగ్గరికొస్తుంది. తుపాకీ ఎవరు అడిగినా ఇవ్వకు. నేను అడిగినా ఇవ్వకు.

ఏటవతల మూడు ఏనుగులు తిరుగుతున్నాయి. వానలు పడి జొన్న ఏపుకొచ్చేసరికి ఇటొస్తాయి. వచ్చినప్పుడు జాడ చూడటానికి నీకు ముందు ఒక మనిషి కావాలి. మోకాలికి సిస్టర్ కట్టు కట్టింది, నడుస్తోంది. వాటిని ముందు నేను మా వంశం పేర్లతో పిలిచి మర్యాదగా పొమ్మంటా. వినకపోతే పక్కకు తప్పుకుంటా, ఆ తర్వాత నీ పని.

ఒట్టి చేతులతో నడవడం నాకు చేతకాదు కోడలుపిల్లా. అందుకని రోజూ పొద్దున్నే రేవుదాకా పోయి నేర్చుకుంటున్నా. కుడి భుజం ఇంకా పైకి లేచే ఉంటోంది. మీ అత్త వెనక నడుస్తూ, దించు, దించు అంటోంది.

నీ మామ,
జకెయో